రాత్రి మృగాలది, పగలు మనది

మా సంఘ విద్యార్థులతో కరీంనగర్ నుంచి జన్నారం వెళ్లి, కవ్వాల్ అడవి అంచున గుడారాలు వేసుకున్నాం. 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన అడవి అది. పులి కనబడలేదని తెల్లవారాక పిల్లలు చిన్నబోయారు.

104వ కీర్తన ధ్యానించాం. దేవుడు రాత్రిని మృగాలకు, పగటిని మనిషి కష్టానికి పంచాడని, సింహపు పిల్లలకు సైతం ఆహారం ఆయనే ఇస్తాడని అందులో చదువుతాం. అయితే మృగాలకు చోటు విడవడానికి మనుషులూ వెల చెల్లించారు. ఈ అడవిలోని మైసంపేట, రాంపూర్ వాసులు 2024లో పుట్టిన ఊళ్లు వదిలి తరలివెళ్లారు.

ప్రియులారా, పులి కోసం ఎదురుచూసిన మనం వారిని తలచామా? ఆ ఉదయం పిల్లలు వారికోసం మోకరించారు. సృష్టిని ప్రేమించేవారు పొరుగువాని కన్నీటినీ చూడాలి.