కండరములలోని శక్తి నిల్వ

జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారమున బరువెత్తు శ్రామికుని కండరమునకు తొలి క్షణములలో శక్తి ఎచ్చటినుండి వచ్చును? కండరము నేరుగా వ్యయపరచునది ఏ.టి.పి. అను పదార్థము, దాని నిల్వ రెండు మూడు సెకండ్లకే చాలును. అది తరుగుచుండగా ఫాస్ఫోక్రియాటిన్ తన ఫాస్ఫేటు నిచ్చి మరల నింపుచుండును. దీనిని 1927లో హార్వర్డున, సైరస్ ఫిస్క్‌తో కూడి, వెల్లడించినవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. జంషెడ్‌పూరు తెలుగు కార్మికులు ఈ పేరు ఎరిగియుండుట ఉచితము.

తీవ్రశ్రమలో ఈ నిల్వయు పది సెకండ్లలో చాలవరకు తరిగిపోవును. తిరిగి నిండుటకు కొన్ని నిమిషముల విశ్రాంతియు, రక్తము తెచ్చు ప్రాణవాయువును కావలెను. బరువు దింపి నిలిచినవానిని సోమరి యనరాదు.

మెదడులోను ఈ పదార్థము కలదు, కాని మిక్కిలి స్వల్పము. రక్తప్రసారము పూర్తిగా ఆగినచో పది సెకండ్లలోనే స్పృహ తప్పును. కొలిమి వేడికి సొమ్మసిల్లినవానిని కూర్చుండబెట్టక, చల్లనిచోట వెల్లకిల పరుండబెట్టి కాళ్లు కొంచెమెత్తి ఉంచుడు. వెంటనే తెలివి రానిచో వైద్యుని పిలువుడు.