నెలకు మూడే బాకులు.. జపాన్ కమ్మరికి చట్టం గీసిన గీత

జపాన్‌లో సంప్రదాయ పద్ధతిలో కత్తులు చేసే కమ్మరి నెలకు మూడు బాకులకు మించి చేయకూడదు. రెండడుగుల పొడవు కత్తులైతే రెండే. ఆర్డర్లు ఎన్ని ఉన్నా అంతే! హడావుడిగా చేస్తే నాణ్యత పడిపోతుందన్నది ఈ నిబంధన ఉద్దేశం.

ఈ బాకును అక్కడ 'టాంటో' అంటారు. అలుగు పొడవు ఒక షాకు, అంటే దాదాపు 30 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ఒకప్పుడు సమురాయ్‌లు నడుముకు పెట్టుకునేవారు. 1876లో కత్తి ధరించి తిరగడాన్ని ప్రభుత్వం నిషేధించింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడాక తయారీ కూడా ఆగిపోయింది. 1953లో మళ్లీ అనుమతి వచ్చింది, కానీ ఆయుధంగా కాదు, కళాఖండంగా.

అందుకే ఏ ఉక్కు పడితే ఆ ఉక్కు వాడితే కుదరదు. షిమానే ప్రాంతంలోని ఒకుయిజుమోలో చలికాలంలో మట్టి కొలిమి వెలిగించి, ఇనుప ఇసుక, కట్టెబొగ్గు మార్చి మార్చి పోస్తూ మూడు పగళ్లు, మూడు రాత్రులు కాలుస్తారు. అలా వచ్చేదే 'తమహగనె' ఉక్కు. మన కోనసముద్రం ఉక్కును మూసిన మూసల్లో కరిగించేవారు, దీని దారి వేరు.

ఆ ఉక్కును కాల్చి, సాగగొట్టి, మడుస్తారు. పదిసార్లు మడిస్తే 1,024 పొరలు. మలినాలు పోతాయి, కర్బనం సమానంగా సర్దుకుంటుంది. తర్వాత అలుగుకు మట్టి పూస్తారు.. వెన్నువైపు మందంగా, అంచున పలచగా. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచగానే అంచు త్వరగా చల్లారి గట్టిపడుతుంది, వెన్ను నిదానంగా చల్లారి మెత్తగానే ఉంటుంది. ఆ రెంటి మధ్య కనిపించే తెల్లటి అలల గీతే 'హమోన్'. అసలు టెన్షన్ ఇక్కడే. ఆ క్షణంలో పగులు వస్తే వారాల కష్టం వృథా.

లెక్క చూస్తే ఇది లాభాల వ్యాపారమేమీ కాదు. లైసెన్స్ కావాలంటే గురువు దగ్గర కనీసం ఐదేళ్లు పనిచేయాలి, ఆ కాలంలో మామూలుగా జీతం ఉండదు. ఆపై ప్రభుత్వ శిక్షణలో నెగ్గాలి. బాకు అమ్మిన సొమ్మంతా కమ్మరికే దక్కదు. సానపట్టేవారు, ఒర చేసేవారు వేరే ఉంటారు. చేయడానికేమో నెలకు మూడే! కుర్రాళ్లు ఈ పనిలోకి రావడం తగ్గిందంటే ఆశ్చర్యమేముంది?

కొన్నవారికీ నిబంధనలున్నాయి. 15 సెంటీమీటర్లు, ఆపైన ఉన్న ప్రతి అలుగుకూ రిజిస్ట్రేషన్ కార్డు ఉండాలి. దేశం దాటించాలంటే సాంస్కృతిక శాఖ అనుమతి పత్రం తప్పనిసరి. ఆన్‌లైన్‌లో 'టాంటో' పేరుతో చవగ్గా దొరికేవి చాలావరకు ఫ్యాక్టరీ చాకులే. అసలుదానికి పిడి ఊడదీస్తే, లోపల దాగి ఉండే తోకపై సాధారణంగా కమ్మరి ఉలితో చెక్కిన సంతకం కనిపిస్తుంది. ఆ తోకకు పట్టిన తుప్పును మాత్రం ఎవరూ తుడవరు. కత్తి వయసు చెప్పేది అదే.