తేట నీటిలో తెల్లని పొడి

మధురవాడ: సబ్బు నురగ రాని నూతినీరు ఒక చెంబుడు తోడి, అందులో చెంచాడు బట్టల సోడా వేసి కలిపి చూడండి. నీరు బియ్యం కడిగిన నీళ్లలా తెల్లబారుతుంది. కదపకుండా ఉంచితే తెల్లవారేసరికి అడుగున మెత్తని పొడి పేరుకుంటుంది. నీటిలో కరిగి ఉన్న సున్నపు లవణాలు సోడాతో కలిసి కరగని సుద్దగా మారడమే ఇందుకు కారణం. ఆ తేట నీటిలో సబ్బు బాగా నురుగుతుంది. అయితే అది ఉతుకుడుకే గాని తాగడానికి పనికిరాదు. పూర్వం చవుడుమట్టితో బట్టలు ఉతికిన వారు వాడుకున్నదీ ఈ సోడా గుణాన్నే.

ఒకప్పుడు పల్లెగా ఉండి 2005లో మహా విశాఖలో కలిసిన మధురవాడలోనైనా, మారుమూల గ్రామంలోనైనా పదో తరగతి పిల్లలు చదివే ‘అవక్షేపం’ పాఠం ఇదే. బడిలో సోడియం సల్ఫేటు, బేరియం క్లోరైడు ద్రావణాలను కలుపుతారు. రెండూ తేటగానే ఉంటాయి. కలిసిన క్షణంలో బేరియం సల్ఫేటు తెల్లగా విడిపోతుంది. మిగిలిన సోడియం, క్లోరైడు నీటిలోనే ఉండిపోతాయి. అంటే అది మనం తినే ఉప్పే.

కలపడం, వడపోయడం, కడగడం, ఆరబెట్టడం - పని మొత్తం ఈ నాలుగే. వీటిలో కడగడాన్ని తేలికగా తీసుకోరాదు. కడిగిన నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేటు వేసినప్పుడు తెల్లబారితే ఇంకా కడగాలన్న మాట. కడగడానికి స్వేదనజలమే వాడాలి. నూతినీటిలోనూ, కుళాయి నీటిలోనూ కొంత ఉప్పు ఉంటుంది కనుక వాటితో కడిగితే ఎంతసేపు కడిగినా పరీక్షలో తెల్లగానే కనిపిస్తుంది.

ఇంత జాగ్రత్త ఎందుకని అడగవచ్చు. బేరియం క్లోరైడు విషం. బేరియం సల్ఫేటు మాత్రం లీటరు నీటిలో మూడు మిల్లీగ్రాములైనా కరగదు. అందుకే కడుపు ఎక్స్‌రే తీసే ముందు డాక్టర్లు దానిని రోగిచేత తాగిస్తారు. రాయలసీమలోని మంగంపేట గనులలో దొరికే ముగ్గురాయి కూడా ఈ పదార్థమే. 2003లో బ్రెజిల్ దేశంలో ఎక్స్‌రే కోసం ఇచ్చిన బేరియం సల్ఫేటులో బేరియం కార్బొనేటు కలిసి ఉండడంతో పలువురు రోగులు మరణించారు. కార్బొనేటు కూడా నీటిలో కరగదు. కాని కడుపులోని ఆమ్లంలో కరిగిపోతుంది. నీటిలో కరగనిదల్లా నిరపాయమని అనుకోరాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

ఇంట్లో చేయదలచిన పిల్లలు సోడా, నూతినీటి ప్రయోగంతోనే సరిపెట్టుకోవాలి. బేరియం, సీసం లవణాలను ఉపాధ్యాయుల ఎదుటే వాడాలి. మిగిలిన ద్రావణాలను కాలువలోనో, నూతి గట్టుమీదో పారబోయకుండా వేరే సీసాలో పోసి, చీటీ అంటించి భద్రపరచాలి. ఆ నూతినీరు తాగేది మనమే!