మూడు కార్డ్‌ల మీద మనోధర్మం

బల్లార్షా స్టేషన్‌లో దిగి రాజురా రోడ్డు పట్టుకుంటే, వార్ధా నది రాకముందే బామ్ని వస్తుంది. బొగ్గు గనులకీ కాగితం మిల్లుకీ పనికోసం వచ్చి నిలదొక్కుకున్న తెలుగు కుటుంబాలు ఆ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. అలాంటి ఓ ఇంట్లో గోడకు గిటారు వేలాడుతోందనుకుందాం. ఆ ఇంటి కుర్రాడికి జి, సి, డి అనే మూడు కార్డ్‌లు వచ్చు. ఎవరైనా పాడితే వెనకాల చక్కగా స్ట్రమ్మింగ్ చేస్తాడు. "మధ్యలో కాస్త నువ్వు వాయించరా" అంటే మాత్రం బిగుసుకుపోతాడు. స్కేలును నాలుగుసార్లు పైకీ కిందికీ తిప్పి, సిగ్గుపడి, మళ్లీ కార్డ్‌లలోకి వచ్చేస్తాడు.

ప్రతిభ చాలకే ఇలా జరుగుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ కుర్రాడికి స్వరాలు తెలుసు, వేళ్లూ ఆడుతున్నాయి. ఎక్కడ వాలాలో తెలియదు, అంతే.

మన కచేరీల్లో కల్పనస్వరం వినేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. గాయకుడు తన మనోధర్మంతో అప్పటికప్పుడు స్వరాలు అల్లుతూ ఎంత దూరం తిరిగొచ్చినా, ఎంచుకున్న పంక్తి ఎత్తుగడ దగ్గరికి సరిగ్గా సమయానికి వచ్చి వాలాలి. శిష్యుడికి ముందు చిన్న చిన్న స్వరాలతో ఆ వాలడాన్నే అలవాటు చేస్తారు. రెక్కలు తర్వాత అవే వస్తాయి. గిటారు మీదా ఇదే దారి పనికొస్తుంది. తేడా ఒక్కటే: అక్కడ చేరాల్సిన ఇల్లు ఒకటి, ఇక్కడ కార్డ్ మారినప్పుడల్లా ఇల్లు మారుతుంది.

ఆ ఇళ్లేమిటో చూద్దాం. జి స్వరాన్ని షడ్జమంగా పట్టుకుంటే జి కార్డ్‌లో ఉండేవి స, గ, ప. సి కార్డ్‌లో మ, ద, స. డి కార్డ్‌లో ప, ని, రి. మూడూ కలిపితే సప్తస్వరాలూ వచ్చేశాయి. ఇవి శంకరాభరణం స్వరస్థానాలే, పాశ్చాత్యులు మేజర్ స్కేలు అనేది వీటినే.

ఇప్పుడు తాళం. జి నాలుగు అక్షరాలు, సి నాలుగు, డి నాలుగు, మళ్లీ జి నాలుగు. మొత్తం పదహారు, అంటే రెండు ఆదితాళ ఆవర్తనాలు. గిటారు పక్కన పెట్టి తొడ మీద ఆదితాళం వేసి చూడండి. లఘువు నాలుగు అక్షరాలూ జి. మొదటి ద్రుతం దెబ్బ పడేచోట సి మొదలవుతుంది. రెండో ఆవర్తనంలో లఘువంతా డి, ద్రుతాలు రెండూ జి. కార్డ్ మారే ప్రతిచోటా చేతికింద ఒక దెబ్బ ఉంది. మార్పు ఎప్పుడొస్తుందో చెయ్యే చెబుతుంది. లెక్కపెట్టుకునే బెంగ తీరింది.

ఇక గిటారు చేతిలోకి తీసుకోండి. మనం మొదటి తీగ అనేది అన్నిటికన్నా సన్నని తీగను. జి కార్డ్ మోగుతుండగా రెండో తీగను ఏమీ నొక్కకుండా మీటితే అది గ. సి రాగానే అదే తీగ మీద మొదటి ఫ్రెట్ నొక్కండి, అది మ. ఒక్క ఫ్రెట్ జరిగారు, కార్డ్ మారిందని చెవికి తెలిసిపోయింది. సి ఇంకా మోగుతుండగానే మొదటి తీగ మూడో ఫ్రెట్‌కు వెళ్లండి, అది స. డి రాగానే ఒక్క ఫ్రెట్ వెనక్కి, అది ని. మళ్లీ జి రాగానే ఒక్క ఫ్రెట్ ముందుకు, స. ఇల్లు చేరాం. గ–మ, స–ని, ని–స: మూడు మలుపులు, మలుపుకొక్క ఫ్రెట్. వెనక కార్డ్‌లు ఆపేసి ఈ స్వరాలే వాయించినా, పాట ఎటు తిరిగిందో వినేవాడికి లీలగా అందుతుంది.

మరి అందరూ ముందుగా నేర్పే పెంటాటోనిక్ సంగతేమిటి? మేజర్ పెంటాటోనిక్ అంటే మన మోహనం స్వరాలు: స, రి, గ, ప, ద. మ, ని వదిలేయడంతో పక్కపక్కనే రాసుకునే స్వరాల జంట ఒక్కటీ మిగలదు. అందుకే ఎలా వాయించినా పెద్దగా చెవికి గుచ్చుకోదు. కొత్తవాళ్లకు అది మంచి ఊతం. కానీ ఆ ఐదింటితోనే తిరిగితే కార్డ్ మారినా సోలో మారినట్టు వినిపించదు. పైగా డి మోగుతుండగా స మీద పట్టుకు కూర్చుంటే కార్డ్‌లోని ని తో రాపిడి తప్పదు. కాబట్టి మోహనంలో తిరగండి, మలుపు దగ్గర మాత్రం మ ను, ని ను పలకరించి పోండి.

సోలో వేళ్లలోంచి రావాలా, గొంతులోంచి రావాలా అన్న ప్రశ్నకు మన తెలుగునేలే జవాబు చెప్పింది. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో ఆ పిల్లవాడు కచేరీ చేశాడు. తర్వాతి కాలంలో రిమెంబర్ శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని ఆయనతో సమానంగా స్వరాలు మార్చుకున్నాడు. గొంతులో మెదిలిన దాన్ని తీగ మీద వెతుక్కోవడమే శ్రీనివాస్ నేర్చుకున్న పద్ధతి. మీ గొంతు బాగుండనక్కర్లేదు. కూనిరాగం చాలు.

సాధనకు రోజూ ఇరవై నిమిషాలు చాలు. నిమిషానికి అరవై దెబ్బల వేగంలో మీ స్ట్రమ్మింగే ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పదహారు అక్షరాల చుట్టు పదహారు సెకన్లు, ఐదు నిమిషాల్లో పద్దెనిమిదికి పైగా చుట్లు వస్తాయి. మొదటి ఐదు నిమిషాలు ఆ రికార్డు వింటూ, తాళం వేస్తూ కూనిరాగం తీయండి. రెండో ఐదు నిమిషాలు పైన చెప్పిన మలుపుల స్వరాలు మాత్రమే మీటండి. మూడో ఐదు నిమిషాలు స, రి, గ మూడింటితోనే వాయించండి. ఒక చుట్టు వాయించి ఒక చుట్టు ఊరుకోండి. స్వరాలు తక్కువైతే లయ వైపు మనసు పోతుంది. ఒకే మాటను ముందుకు జరిపి, వెనక్కి లాగి, సగంలో ఆపి పలకడం అప్పుడే అబ్బుతుంది. చివరి ఐదు నిమిషాలు మీ ఇష్టం. దాన్ని రికార్డు చేసి, వెంటనే కాకుండా మర్నాడు వినండి. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ ఊరికే స్వరాలు కుమ్మరించారో మీకే తెలుస్తుంది.

వేగం గురించి ఇప్పుడే ఆలోచించకండి. మూడు మలుపులూ తడబడకుండా తిరగడం వచ్చాకే నాలుగో కార్డ్ జోలికి వెళ్లండి.