మొక్కజొన్న ఓడెక్కింది, సున్నం ఒడ్డునే ఆగింది

మెక్సికో, గ్వాటెమాలా పల్లెల్లో రొట్టెల కోసం మొక్కజొన్నను నేరుగా పిండి పట్టించరు. సున్నమో, కట్టె బూడిదో కలిపిన నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగేశాకే రుబ్బుతారు. మూడు వేల ఏళ్ల నాటి పద్ధతి ఇది. మొక్కజొన్నలోని నియాసిన్ అనే బి విటమిన్ చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. సున్నపు నీళ్లు దాన్ని విడదీస్తాయి. విటమిన్ అన్న మాటే 1912 దాకా పుట్టలేదు.

తెలియకుండానే ఇంత సరైన వంట ఎలా కుదిరింది?

సంస్కృతి పరిణామానికి మూడు ఆధారాలు: తేడాలు, ఎంపిక, అనుకరణ. ఎవరో బూడిద కలిపి ఉంటారు. పొట్టు తేలిగ్గా ఊడింది, పిండి ముద్ద కట్టింది. అది చూసి పక్కవాళ్లూ కలిపి ఉంటారు. మనుషులు నెగ్గుకొచ్చినవారినీ, ఎక్కువమంది చేసేదాన్నీ అనుసరిస్తారని రాబర్ట్ బాయిడ్, పీటర్ రిచర్సన్ 1985 నాటి తమ గ్రంథంలో సూత్రబద్ధం చేశారు.

ఈ అనుకరణ ఎంత గట్టిదో 2005లో విక్టోరియా హార్నర్, ఆండ్రూ వైటెన్ ప్రచురించిన ప్రయోగం చూపింది. పెట్టెలోంచి బహుమతి తీసే పద్ధతిలో కొన్ని పనికిరాని చేష్టలు కలిపి చూపించారు. పెట్టె లోపలంతా కనిపిస్తే చింపాంజీలు వాటిని వదిలేశాయి. 3, 4 ఏళ్ల పిల్లలు మాత్రం అన్నీ చేశారు. కారణం తెలియని సున్నం తరతరాలు నిలవడానికి ఈ గుణమూ తోడ్పడి ఉండవచ్చు.

1492 తర్వాత మొక్కజొన్న యూరప్ చేరింది, వండే పద్ధతి చేరలేదు. 1735లో స్పెయిన్‌ వైద్యుడు గాస్పర్ కసాల్ నిరుపేదల్లో ఒక వింత జబ్బు గుర్తించాడు. చర్మం ఎర్రబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, మతి చెదురుతుంది. ఇటలీలో దానికి పెలాగ్రా అని పేరు పడింది. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది వేలమందిని బలి తీసుకుంది.

సున్నం లేకుండా మొక్కజొన్న వండే ఈ తప్పును ఎందుకు దిద్దుకోలేదు? తిండి మారిన నెలల తర్వాత గానీ జబ్బు బయటపడదు, కాబట్టి కారణం కంటికి ఆనదు. పాలు, మాంసం వాడే ఇళ్లకు ఆ జబ్బు రాలేదు, కానీ వాళ్లను అనుకరించే స్తోమత పేదలకు లేదు. అమెరికా వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ బృందం సౌత్ కరోలినా నూలు మిల్లుల ఊళ్లలో ఇంటింటి లెక్కలు తీసింది. రాబడి తగ్గేకొద్దీ పెలాగ్రా పెరిగింది. 1937లో నియాసిన్ మందుగా తేలింది. 1940ల్లో అమెరికా దాన్ని పిండిలోనే కలపడం మొదలుపెట్టాక, పేదల రొట్టెకు కూడా ఆ రక్షణ దక్కింది.