తుక్కే కదా అని కలిపేస్తే.. సగం ధర గాలికే!

శనివారం సాయంత్రం. బాలానగర్‌లో ఒక చిన్న వర్క్‌షాప్ ముందు ట్రాలీ ఆటో వచ్చి ఆగుతుంది. వారమంతా లేత్‌ల కింద పోగైన తుక్కును పారతో ఎత్తి గోనె సంచుల్లో నింపుతారు. ఇనుము, స్టీలు, ఇత్తడి, అల్యూమినియం.. అన్నీ ఒకే సంచిలో. కొనేవాడు పైపైన చూసి ఇనుము రేటు చెబుతాడు. ‘ఏముందిలే, తుక్కే కదా’ అని యజమాని సరేనంటాడు. అక్కడే నష్టం జరిగిపోతుంది.

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్, విజయవాడలో ఆటోనగర్.. ఇలాంటి చోట్ల లేత్ పట్టే ఉస్తాద్ దగ్గర్నుంచి తుక్కు కొనే వ్యాపారి దాకా ముస్లిం కుటుంబాల వాళ్లు చాలామందే ఉన్నారు. షెడ్డులోనే తుక్కును సరిగా చూసుకుంటే ఆదాయం పెరుగుతుంది, పనివాళ్ల ప్రాణాలకూ భద్రత ఉంటుంది. దీనికి పెద్ద మెషిన్లు అక్కర్లేదు. నాలుగు డ్రమ్ములు, ఒక కాటా, ఒక రిజిస్టర్ చాలు.

లెక్క చూద్దాం

వంద కిలోల తుక్కులో 80 కిలోలు మామూలు ఇనుము, 15 కిలోలు స్టెయిన్‌లెస్ స్టీల్, 5 కిలోలు ఇత్తడి ఉన్నాయనుకుందాం. లెక్క కోసం కిలో ఇనుము 30, స్టీలు 90, ఇత్తడి 450 రూపాయలు అనుకుందాం. మార్కెట్ ధర రోజూ మారుతుంది, ఇది ఉదాహరణ మాత్రమే. విడివిడిగా అమ్మితే ఇనుముకు 2,400, స్టీలుకు 1,350, ఇత్తడికి 2,250.. మొత్తం 6,000 రూపాయలు. అన్నీ కలిపి ఇనుము రేటుకు అమ్మితే వచ్చేది 3,000. అంటే సరిగ్గా సగం పోయింది. ఐదు కిలోల ఇత్తడి విలువ దాదాపు 80 కిలోల ఇనుముతో సమానమని ఈ లెక్కే చెబుతోంది.

తర్వాత ఏరుకోవచ్చు కదా?

కుదరదు. అయస్కాంతం పెడితే ఇనుము వస్తుంది నిజమే. కానీ ఇత్తడికి, అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్‌కు కూడా మామూలుగా అంటుకోదు. మిగిలిన ఆ మూడింటి సన్నని పొట్టును చేత్తో ఏరడం అయ్యే పని కాదు. స్టీల్‌లోనూ తేడాలున్నాయి. 304లో నికెల్ సుమారు 8 నుంచి 10 శాతం ఉంటుంది. 202లో 4 నుంచి 6 శాతమే. 316లో అదనంగా మాలిబ్డినం ఉంటుంది. చూడ్డానికి మూడూ ఒకేలా మెరుస్తాయి, ధర మాత్రం ఒకటి కాదు.

అందుకే వేరుచేయడం మెషిన్ దగ్గరే జరగాలి. ఏ లోహం కోస్తున్నామో ఆ క్షణంలో ఆపరేటర్‌కు తెలుసు. గంట తర్వాత ఎవరికీ తెలియదు. ఒక్కో లోహానికి ఒక్కో రంగు డ్రమ్ము పెట్టి, దాని మీద పేరు పెద్దగా రాయాలి. ఇనుము పని అయి ఇత్తడి పని మొదలుపెట్టే ముందు లేత్ కింది ట్రేను పూర్తిగా ఊడ్చాలి. రాడ్డు చివర మిగిలే ముక్కలను పొట్టులో కలపకుండా విడిగా పెడితే వాటికి మంచి రేటు వస్తుంది.

నూనె కారనివ్వాలి

కూలెంట్‌తో తడిసిన తుక్కుకు కొనేవాళ్లు తరుగు తీస్తారు. అందులో తప్పులేదు, నూనెను లోహం రేటుకు ఎవరూ కొనరు. అడుగున రంధ్రాలున్న డ్రమ్ములో తుక్కు వేసి, కింద ట్రే పెట్టి ఒక రాత్రి ఉంచితే చాలావరకు కారిపోతుంది. ఆ కూలెంట్‌ను వడగట్టి, బాగుంటే మళ్లీ వాడుకోవచ్చు.

తుక్కును ఆరుబయట మట్టి మీద పోస్తే వాన నీటితో నూనె కాలువలోకి, బోరు నీళ్లలోకి చేరుతుంది. కాబట్టి సిమెంట్ నేల, పైన రేకు తప్పనిసరి. వాడేసిన నూనె 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. దాన్ని కాలువలో పోయకూడదు, మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు, అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి.

నిప్పు, చేతులు

నూనెతో తడిసిన సన్నని ఇనుప పొట్టు పెద్ద కుప్పగా ఉంటే లోపల దానంతటదే వేడెక్కి అంటుకోవచ్చు. నూనె గుడ్డలను ఆ కుప్పలో పారేస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. మెగ్నీషియం, టైటానియం పొట్టు విషయంలో మరీ జాగ్రత్త. అవి మండుతున్నప్పుడు నీళ్లు పోస్తే హైడ్రోజన్ పుట్టి మంట ఎగిసిపడుతుంది. పొడి ఇసుకగానీ, లోహాల మంటల కోసమే తయారైన డి క్లాస్ పొడిగానీ వాడాలి. ఇసుక బకెట్ ఎప్పుడూ పొడిగా, మెషిన్‌కు దగ్గర్లోనే ఉండాలి.

చుట్టలు చుట్టుకున్న తుక్కును చేత్తో లాగితే వేళ్లు తెగుతాయి. మెషిన్ ఆపి, కొక్కెంతో లాగాలి. తుక్కు ఎత్తేటప్పుడు గ్లౌజులు మంచివే. తిరుగుతున్న లేత్ దగ్గర మాత్రం వేసుకోకూడదు, గ్లౌజు చిక్కుకుంటే చెయ్యే లోపలికి పోతుంది. గాలి పైపుతో పొట్టు ఊదితే కళ్లలో పడుతుంది. బ్రష్ వాడటమే మేలు.

ఈ వస్తువులు తుక్కులో వేయొద్దు

గ్యాస్ సిలిండర్లు, మూత బిగించిన డబ్బాలు, షాక్ అబ్జార్బర్లు, బ్యాటరీలు. ఇవి షెడ్డులో ఎవరికీ ఏమీ చేయకపోవచ్చు. కానీ ఎక్కడో గ్యాస్ కట్టర్ పట్టిన కుర్రాడి ముందో, కొలిమి దగ్గరో పేలుతాయి.

పాత మందం కొలిచే గేజీలు, లెవెల్ గేజీలు, తనిఖీ యంత్రాల్లో కొన్నిటిలో రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. వాటి మీద మూడు రెక్కల గుర్తు కనిపిస్తే ముట్టుకోకుండా అణుశక్తి నియంత్రణ మండలికి తెలపాలి. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు మార్కెట్‌లో జరిగింది ఇదే. ఒక విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత గామా పరికరాన్ని విడగొట్టినప్పుడు కోబాల్ట్-60 బయటపడింది. పలువురు ఆస్పత్రి పాలయ్యారు, ఒక కార్మికుడు చనిపోయాడు. చేతిలో ఉన్నదేమిటో అతనికి తెలియదు.

ముందు మీ కాటా, తర్వాత వాళ్ల కాటా

తుక్కు గేటు దాటకముందే తూచి రాసుకోవాలి. తేదీ, లోహం, బరువు, కొన్నవారి పేరు.. ఇంతే. దీనితో ఇంకో లాభం ఉంది. వంద కిలోల రాడ్డు వాడితే తయారైన సరుకు 62 కిలోలు వచ్చిందనుకుందాం. అప్పుడు తుక్కు 38 కిలోల దాకా ఉండాలి. రిజిస్టర్‌లో 30 ఉంటే మిగతా 8 కిలోలు ఎక్కడికి పోయాయో వెంటనే వెతకొచ్చు. లెక్క రాసి ఉంటే ఎవరి మీదా ఊరికే అనుమానపడక్కర్లేదు.

జాబ్‌వర్క్ చేసేవాళ్లు మరో మాట గుర్తుంచుకోవాలి. మెటీరియల్ పెద్ద కంపెనీ పంపింది, మరి తుక్కు ఎవరిది? ఇది ఆర్డర్ తీసుకున్నప్పుడే కాగితం మీద రాసుకోవాలి. జీఎస్టీ చట్టం ప్రకారం జాబ్‌వర్కర్‌కు రిజిస్ట్రేషన్ ఉంటే ఆ తుక్కును తన దగ్గర్నుంచే పన్ను కట్టి అమ్మవచ్చు. లేకపోతే మెటీరియల్ పంపినవారు అమ్మాలి.

2024 అక్టోబర్ 10 నుంచి ఇంకో మార్పు వచ్చింది. రిజిస్ట్రేషన్ లేనివారి నుంచి లోహపు తుక్కు కొంటే, రిజిస్ట్రేషన్ ఉన్న కొనుగోలుదారే జీఎస్టీ కట్టాలి. ఇద్దరికీ రిజిస్ట్రేషన్ ఉండి, కాంట్రాక్ట్ విలువ రెండున్నర లక్షలు దాటితే కొనేవాళ్లు 2 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. అది నష్టం కాదు, అమ్మినవారి ఖాతాలోనే జమ అవుతుంది. అయితే బిల్లు లేకుండా అమ్మితే ఇవేవీ లెక్కలోకి రావు, తర్వాత నోటీసు వస్తే చూపించడానికి కాగితం ఉండదు.

సోమవారం షట్టర్ ఎత్తగానే ఒక్క పనితో మొదలుపెట్టొచ్చు. ఇత్తడికి వేరే డ్రమ్ము పెట్టడం. నెల తర్వాత రిజిస్టర్ తీసి చూస్తే మిగతా డ్రమ్ములు కొనడానికి డబ్బు అందులోనే కనిపిస్తుంది.