హైస్కూలు దశలోనే కళాశాల క్రెడిట్లు: టెక్సాస్‌లో రెండు మార్గాలు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో హైస్కూలు విద్యార్థులు కళాశాల స్థాయి కోర్సులను ముందుగానే చదివి, డిగ్రీకి లెక్కకు వచ్చే క్రెడిట్లను సంపాదించుకొనే వెసులుబాటు కలదు. డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ పరిసరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పిల్లల చదువులో తప్పక ఎదురయ్యే విషయము. పదవ తరగతి కాగానే జూనియర్ కళాశాలలో చేరడం తెలుగువారికి అలవాటు. అక్కడ 11, 12 తరగతులు కూడా హైస్కూలులోనే సాగుతాయి. కళాశాల అనగా డిగ్రీ చదువే.

మొదటి మార్గం 'డ్యూయల్ క్రెడిట్'. ఒకే కోర్సు చదివిన విద్యార్థికి అటు హైస్కూలులోను, ఇటు కళాశాలలోను క్రెడిట్ లభిస్తుంది. సాధారణంగా ఒక సెమిస్టరు కోర్సుకు 3 క్రెడిట్లు. బ్యాచిలర్ డిగ్రీకి దాదాపు 120 అవసరం. రాష్ట్రంలోని ప్రభుత్వ కళాశాలలు, విశ్వవిద్యాలయాలలో 42 క్రెడిట్ల మూల పాఠ్యప్రణాళిక అమలులో ఉన్నందున, అందులోని ఇంగ్లీషు, చరిత్ర వంటి కోర్సుల క్రెడిట్లు ఒక ప్రభుత్వ సంస్థ నుండి మరొకదానికి బదిలీ అవుతాయి. 2023లో ఆమోదం పొందిన 8వ నంబరు హౌస్ బిల్లు ద్వారా 'ఫాస్ట్' పథకం ఏర్పడినది. పాఠశాలలో ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హులైన విద్యార్థులకు, ఈ పథకంలో చేరిన కళాశాలలు డ్యూయల్ క్రెడిట్ కోర్సులను రుసుము లేకుండా అందించవలసి ఉంటుంది. పేద కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

రెండవది కాలేజ్ బోర్డు నిర్వహించే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. దీనిని అక్కడ క్లుప్తంగా 'ఏపీ' అంటారు. తెలుగువారికి ఈ మాట వినగానే మరొకటి స్ఫురించడం సహజమే. ఏటా మే నెలలో జరిగే ఈ పరీక్షలలో 1 నుండి 5 వరకు స్కోరు ఇస్తారు. 2015 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం, ప్రత్యేక కారణం చూపనిదే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 3 కంటే ఎక్కువ స్కోరును కోరరాదు.

ఈ రెండింటి మధ్య తేడాను చాలామంది గుర్తించడం లేదు. ఏపీ పరీక్షలో స్కోరు తగ్గితే దానిని విశ్వవిద్యాలయానికి పంపకుండా ఊరుకోవచ్చును. డ్యూయల్ క్రెడిట్‌లో అట్టి వీలు లేదు. 16 ఏళ్ల వయసులో పొందిన 'డి' గ్రేడు కళాశాల రికార్డులో శాశ్వతంగా నిలిచిపోతుంది. తరువాత వైద్య కళాశాలకు దరఖాస్తు చేయునపుడు ఆ గ్రేడును సైతం తెలుపవలసినదే.

క్రెడిట్ వచ్చినంత మాత్రాన డిగ్రీ కాలం తగ్గుతుందనుకోవడం కూడా సరికాదు. ఇంజనీరింగ్ విద్యార్థికి గణితం కాల్క్యులస్‌తో మొదలవుతుంది. కాలేజ్ ఆల్జీబ్రాలో సంపాదించిన క్రెడిట్ ఆ డిగ్రీకి పెద్దగా అక్కరకు రాదు. ప్రైవేటు, ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు తమ సొంత నిబంధనలను పాటిస్తాయి. కావున చేరదలచిన విశ్వవిద్యాలయం ఆ కోర్సును ఏ విధంగా లెక్కిస్తుందో ముందే విచారించుకొనుట అవసరము.

కోర్సు భారమైనపుడు గడువులోగా విరమించుకొన్న విద్యార్థి రికార్డులో 'ఎఫ్'కు బదులు 'డబ్ల్యూ' నమోదవుతుంది. ఆ గడువు హైస్కూలు క్యాలెండరులో కాక, కళాశాల క్యాలెండరులో ఉంటుంది.